ప్రామాణిక శిశిరం

నలభై ఎనిమిదో ఏట మనిషికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. మా బ్యాంకులో ఒకాయనకి షుగరు పట్టుకుంది. ఇంకొకాయనకి వాస్తు పట్టుకుని మేనేజరు గారి కుర్చీ దిక్కు కూడా మార్పించాడు. నాకు కెమెరా పట్టుకుంది. ఈ మూడింటిలో మందులున్నది మొదటిదానికే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో స్టిల్ లైఫ్ తీసేవాణ్ణి. అంటే కదలని వస్తువుల్ని ఒక పద్ధతిగా అమర్చి ఫోటో తియ్యడం. కిటికీ పక్కన కుట్టుమిషను మీద నల్ల దుప్పటి పరిచి, ఇత్తడి చెంబు, రెండు వంకాయలు, ఒక ఉల్లిపాయ పెట్టి, సరైన వెలుతురు కోసం కనిపెట్టుకుని కూర్చునేవాణ్ణి. వెలుతురు కంటే ముందు మా ఆవిడ లోవకుమారి వచ్చేది.

"ఏవండీ, ఆ ఉల్లిపాయతో పనైపోయిందా? పులుసు మరిగిపోతోంది."

"ఒక్క నిమిషం. నీడ సరిగ్గా పడలేదు."

"నీడ రేపైనా పడుద్ది లెండి. ఉల్లిపాయ ఇలా ఇవ్వండి."

ఆ కళలో ఉన్న కష్టమంతా అదే. మా ఇంట్లో కదలని వస్తువంటూ ఉంటే అది నేనేనని, పోనీ నన్నే దుప్పటి మీద కూర్చోబెట్టి తీసుకోమని మా ఆవిడ సలహా ఇచ్చింది. వంకాయలు కూరలోకీ, చెంబు పూజగదిలోకీ వెళ్ళిపోయాక నేను కెమెరా మెడలో వేసుకుని పెరట్లోకి నడిచాను. మొక్కలైతే ఎక్కడివక్కడే ఉంటాయి కదా అని నా ఆలోచన.

పెరడు మా ఆవిడది. కాగితాల మీద నా పేరే ఉంటుంది గానీ, అక్కడ ఏ మొక్క ఎక్కడుండాలో చెప్పే అధికారం నాకు ఎన్నడూ లేదు. తులసికోట, మల్లెపొద, రెండు మందారాలు, వంగమడి, వాటన్నిటికీ వెనక ప్రహరీగోడ పొడుగునా చిక్కుడు పందిరి. ఆ పందిరి గురించి కొంచెం చెప్పాలి. మా వైపు రథసప్తమి నాడు ఆడవాళ్ళు తెల్లవారుజామునే తలస్నానం చేసి, వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపిస్తారు. చిక్కుడుకాయలకి ఈనెపుల్లలు గుచ్చి చిన్న రథం కూడా చేస్తారు. మా వీధిలో పెద్ద పందిరి మాదే కాబట్టి ఆ వేళ వీధి వీధంతా మా పెరటి తలుపు దగ్గర నిలబడుతుంది. ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళేలు పట్టుకుని వస్తారు, మా ఆవిడ మంచి ఆకులు ఏరి కోసి ఇస్తుంది. తక్కిన సంవత్సరమంతా ఆవిడ వీరభద్రం గారి భార్య. ఆ ఒక్కరోజూ నేను చిక్కుడు లోవకుమారి గారి మొగుణ్ణి.

నేను కెమెరాతో పెరట్లోకి దిగిన ఆ రోజుల్లోనే మా ఊరికి ఋతుశోభ విభాగం వచ్చింది.

అది పుట్టిన వైనం ఇదీ. ఎవరో చాలా పెద్దాయన మా ఊరి మీదుగా వెళుతూ అతిథిగృహంలో కాఫీకి ఆగారు. గోడ మీద ఆరు ఋతువుల బొమ్మలున్న క్యాలెండరు చూసి, "మీ ఊళ్ళో ఎన్ని ఋతువులు అమల్లో ఉన్నాయి?" అని అడిగారు. ఆయన కారు కదలకముందే ఒక విభాగం ఏర్పడింది. మురుగుకాలవల నుంచి పదోన్నతి మీద సర్వోత్తమరావు గారు దానికి ఋతు అధికారిగా వచ్చారు. మనిషి నిండుగా, మాట ఇంకా నిండుగా ఉంటారు.

టౌన్‌హాల్లో ఆయన చేసిన మొదటి ప్రసంగం నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. "పట్టణ పరిధిలో ప్రస్తుతం మూడే మూడు ఋతువులు క్షేత్రస్థాయిలో కనబడుతున్నాయి. ఎండాకాలం, వానాకాలం, దోమలకాలం. శాస్త్రోక్తమైన ఆరింటితో పోల్చినచో ఇది యాభై శాతం లోటు. ఈ లోటుని యుద్ధప్రాతిపదికన భర్తీ చేయవలసిన బాధ్యత మనందరి మీదా ఉన్నది. అందులో తొలిమెట్టుగా, ఒక్కొక్క ఋతువు ఎట్లుండునో తెలుసుకొనే నిమిత్తం, ఉత్సాహవంతులైన పౌరుల నుండి తోటల ఛాయాచిత్రాలను పోటీకి ఆహ్వానిస్తున్నాము."

ఉత్సాహవంతులైన పౌరులు హాల్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా గుండె ఉప్పొంగింది.

ఆ ఏడాదంతా నేను ఋతువులు సాధన చేశాను. వసంతం సులువుగానే దొరికింది. మల్లెమొగ్గలు మంచం పక్కన పెట్టుకుని పడుకున్నంత దగ్గరగా తీశాను. గ్రీష్మంలో వాడిన వంగాకు తీస్తూ నేను కూడా వాడిపోయి నిమ్మరసం తాగాను. వర్షఋతువులో మందారాకు చివర వేలాడుతున్న చినుకు కోసం గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని నిలబడితే, చినుకు దొరికింది గానీ మెడ పట్టేసింది. శరత్తులో మబ్బులు తెల్లగా ఉన్నాయి, వెన్నెల ఉంది, నా దగ్గర దాన్ని పట్టగల కెమెరా లేదు. పగలే తీసి వెన్నెల అని రాశాను.

చిక్కు హేమంతంతో వచ్చింది. హేమంతమంటే మంచుబిందువులుండాలి. మా ఊరు సముద్రానికి దగ్గర. మాకు చలికాలమంటే పంకా రెండు నంబర్ల మీద తిప్పుకోవడం. చివరికి మా ఆవిడ ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రేసీసా పట్టుకెళ్ళి చిక్కుడుపూల మీద కొట్టి తీశాను. చాలా సహజంగా వచ్చింది.

శిశిరం ఇంకా కష్టమైంది. శిశిరమంటే ఆకు రాలాలి. మా పెరట్లో ఏ మొక్కకీ ఆ సంగతి తెలియదు. మాఘమాసం రాగానే చిక్కుడుపాదు ఇంకా పచ్చగా, ఇంకా గుబురుగా తయారైంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్క ఆకైనా పండుతుందేమోనని చూసేవాణ్ణి. ఇంతలో రథసప్తమి వచ్చింది. ఆ ఏడు పక్క వీధుల్లో పాదులకి పేనుబంక పట్టడంతో వాళ్ళూ మా పెరటికే వచ్చారు. మా ఆవిడ ఎవర్నీ వట్టి చేతులతో పంపలేదు. సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి పందిరి మీద ఒట్టి తీగలు, కొసన ఒకే ఒక్క ఆకు. దాని వెనక సూర్యుడు దిగుతున్నాడు. చెప్పులతోనే గోడెక్కి ఆ ఫోటో తీశాను. దానికి 'శిశిరం: ఒంటరి ఆకు' అని పేరు పెట్టాను. ఆకులు ఎక్కడికి పోయాయన్నది ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అడగని దానికి జవాబు చెప్పడం మా బ్యాంకులోనూ అలవాటు లేదు.

ఉగాదికి బహుమతులిచ్చారు. పోటీకి ఫోటోలు పంపినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తీర్పు ఏకగ్రీవమైంది. శాలువా కప్పి, 'ఋతుశిల్పి' అని బిరుదిచ్చి, నా ఆరు ఫోటోలనీ పట్టణానికి ప్రామాణిక ఛాయాచిత్రాలుగా ప్రకటించారు. ప్రామాణికం అంటే గోడకి తగిలిస్తారు కాబోలు అనుకున్నాను. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను.

దాని అర్థం తరవాతి వారమే తెలిసింది. ఋతు పరిశీలకుడు అప్పలకొండ అని ఒక కుర్రాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నా ఫోటోలు అంటించిన అట్ట ఒకటి చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. ఇకమీద ఊళ్ళో ప్రతి తోటా ఆయా ఋతువులో నా ఫోటోలాగే ఉండాలి. తేడా ఉంటే తాఖీదు. మూడు తాఖీదులు దాటితే మొక్క తొలగింపు.

ఎదురింటి నూకరత్నం గారి మల్లెపొద ముందు అప్పలకొండ అట్ట పట్టుకుని నిలబడడం నేను మా అరుగు మీంచి చూశాను.

"ఏటండి అమ్మగోరు, మొగ్గలు అన్నీ ఈ పక్కనున్నాయి. ఫొటోలో ఆ పక్కనుండాల."

"అటుపక్క ఎండ తగలదు నాయనా."

"ఎండ తగల్దని రాసుకుంటానండి. కానీ మొగ్గలు అటేపు రావాల."

నిజం చెప్పాలి, ఆ రోజు నాకు చాలా ఆనందం కలిగింది. సాయంత్రం వాహ్యాళికి వెళితే ప్రతి పెరట్లోనూ మల్లెపొద మా ఇంటి పొదలాగే ఎడమవైపుకి వాలి ఉంది. వాల్చి తాళ్ళతో కట్టారు. కట్టినా అందంగానే ఉన్నాయనుకున్నాను. గ్రీష్మంలో ఊరంతా వంగమొక్కలకి నీళ్ళు మానేసి వాటిని ఫోటోలో ఉన్నంత మేరకు వాడగొట్టారు. శ్రావణంలో వాన ఆలస్యమైతే విభాగం వాళ్ళు ట్యాంకర్లు పంపి మందారాకుల చివర చినుకులు వేలాడదీయించారు. తాగేనీళ్ళ కోసం బిందెలు పట్టుకొచ్చిన వాళ్ళని సర్వోత్తమరావు గారు మందలించారు. "ఇవి ఋతు వినియోగానికి ఉద్దేశించిన నీళ్ళు, గృహ వినియోగానికి కావు" అని.

హేమంతం వచ్చేసరికి బజార్లో స్ప్రేసీసాలు దొరకలేదు. మంగలి షాపుల్లోవి కూడా పోయాయి. సూర్యోదయానికి ముందు మగవాళ్ళందరూ లుంగీలతో, తలకి మఫ్లర్లు చుట్టుకుని, ఎవరి పెరట్లో వాళ్ళు ఆకుల మీద మంచు కొడుతూ కనబడేవారు. ఒకరినొకరు చూసుకుని తలలు తిప్పుకునేవారు. నన్ను చూస్తే మాత్రం తల తిప్పుకోకుండా తేరిపార చూసేవారు. దాన్ని గౌరవమనుకున్నాను.

మా ఆవిడ ఇవేవీ పట్టించుకోలేదు. చిక్కుడుపాదు ఆ ఏడు బ్రహ్మాండంగా వచ్చింది. పేను లేదు, బంక లేదు. పందిరి కింద నిలబడితే ఆకాశం కనపడదు. "ఈ ఏడు ఎంతమందొచ్చినా సరిపోద్ది. పోయినేడు చివర్లో వచ్చినోళ్ళకి చిల్లులాకులు ఇచ్చాను, మనసొప్పలేదు" అంది. పుష్యమాసమంతా రోజూ ఆకుల కింద చెయ్యి పెట్టి వెనక్కి తిప్పి చూసుకునేది.

మాఘమాసం ఇంకో వారంలో వస్తుందనగా ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు. మా ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆటో మా ఇంటి ముందే ఆగింది, బహుశా నా మీద గౌరవంతో.

"పురప్రజలకు తెలియజేయునది ఏమనగా. మాఘ శుద్ధ పాడ్యమి ఉదయం నుండి శిశిర ఋతువు అమల్లోకి వచ్చుచున్నది. పట్టణ పరిధిలోని యావత్తు పాదులూ, పందిళ్ళూ ఆనాటి నుండి ప్రామాణిక శిశిర స్థితిలో ఉండవలెను. పందిరి ఒక్కింటికి ఒక్క ఆకుకు మించి ఉంచుకున్నవారి పాదులు వేళ్ళతో సహా పెకలించబడును."

చేట ఆగిపోయింది.

"పాడ్యమికా?" అంది. "రథసప్తమి సప్తమికి కదండీ."

"అవును."

"ఆ ఫొటో మీరెప్పుడు తీశారు?"

"సప్తమి సాయంత్రం."

"అప్పటికి ఆకులు రాలాయా, కోశామా?"

"కోశారు."

"ఆ మాట వెళ్ళి చెప్పండి వాళ్ళకి."

అది చెప్పడం ఎంత కష్టమో ఆవిడకి అర్థమయ్యేలా వివరించబోయాను. మాఘ పౌర్ణమికి నాకు ఇంకో సన్మానం ఉంది, పక్క ఊరి నుంచి ఫోటోగ్రాఫర్లు వస్తున్నారు, ఒంటరి ఆకు మీద నేను ఉపన్యసించాలి. ఆకులు రాలలేదు, నూకరత్నం గారు పళ్ళెంలో పట్టుకుపోయారు అంటే ఉపన్యాసం ఎలా నిలబడుతుంది? మా ఆవిడ చివరిదాకా విని, "పరమాన్నం దేంట్లో పెట్టమంటారు, మీ శాలువాలోనా?" అంది. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

సర్వోత్తమరావు గారి గదిలో మూడు గోడల మీదా నా ఫోటోలే. నాలుగో గోడకి ఏసీ ఉంది. ఆయన లేచి నిలబడి నన్ను కూర్చోబెట్టారు. నేను గొంతు సవరించుకుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకులు రాలలేదు, పండక్కి కోసేశారు, నేను సాయంత్రం వెళ్ళి ఫోటో తీశాను, అది శిశిరం కాదు, అయిపోయిన పండగ. చెప్పేశాక ఒళ్ళు తేలికపడింది.

ఆయన బల్ల మీదుగా వంగి నా చెయ్యి పట్టుకుని ఊపారు.

"వీరభద్రం గారూ, ఇన్నాళ్ళూ మా విభాగాన్ని పీడిస్తున్న సమస్యను మీరు పరిష్కరించారు. ఆకులు వాటంతటవి రాలవలెనని నిరీక్షిస్తూ కూర్చుంటే లక్ష్యసాధన ఎప్పటికీ జరగదు. ఆకులు కోసినచో శిశిరం వచ్చునని మీరు క్షేత్రస్థాయిలో నిరూపించారు. ఇది మా దృష్టికి రాలేదు."

"అది కాదండి. పాడ్యమి నాటికి పాదు నిండా ఆకులుంటాయండి. సప్తమి దాకా ఉండాలండి. పండగ ఉంది."

"ఫోటోలో పండగ ఉన్నదా?"

"లేదండి."

"ఆకులున్నవా?"

"ఒకటి ఉందండి."

"ఋతువునకు ఒక్కటే ఫోటో. పాడ్యమికొకటి, సప్తమికొకటి మంజూరు చేయలేము. మీమీద ఇంట్లో ఒత్తిడి ఉన్నదని గ్రహించగలను. మీరు మీ కళాఖండాన్ని మీరే కించపరుచుకొనుచున్నారు. ఒక కళాకారుడికీ అతని కళాఖండానికీ మధ్య అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఈ విభాగం కళాఖండం పక్షాన నిలబడుతుంది."

నేను ఓడిపోయానని అప్పుడే తెలియాల్సింది. కానీ కళాఖండం అన్న మాట ఆయన మూడుసార్లు అన్నారు. నా మెదడు ఆ మాట దగ్గర ఆగిపోయింది. పైగా ఇకమీద ఋతు ఉల్లంఘనలకి రుజువుగా గుర్తింపు పొందిన ఛాయాచిత్రకారుడు తీసిన ఫోటో మాత్రమే చెల్లుతుందని, అది లేనిది జరగనట్టే లెక్కని, ఆ ఛాయాచిత్రకారుడు నేనేనని చెప్పి మెడలో ఒక కార్డు వేసి పంపారు.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఏవన్నారు?"

"కళాఖండం అన్నారు" అన్నాను.

ఆవిడ నా మెడలో కార్డు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

పాడ్యమి నాడు పొద్దున్నే అప్పలకొండ ఇద్దరు కూలీలతో, గోనెసంచులతో వచ్చాడు. ప్రామాణిక పందిరి కాబట్టి మాతోనే మొదలుపెట్టారు. నిచ్చెన వేసి, పై నుంచి కిందకి ఆకులు దూసేశారు. పచ్చివాసన వీధిలోకి వచ్చింది. ఫోటోలో కాయలు కూడా లేవు కాబట్టి అవీ తెంపారు. మా ఆవిడ పందిరి కిందే నిలబడి ఉంది. ఆకులు మీద పడుతున్నా జరగలేదు.

"బాబూ, కోసిన ఆకులు మాకు వదిలెయ్యండి. తడిగుడ్డలో చుట్టుకుంటాం" అని అడిగింది.

అప్పలకొండ నేల చూపులు చూశాడు. "లేదమ్మా. ఫొటోలో కింద కూడా ఆకుల్లేవు. చెత్తకుప్పకి పంపెయ్యాల." తరవాత అట్ట చూసి, మిగల్చాల్సిన ఆకు కోసం వెతికాడు. ఫోటోలో ఆకు ఉన్నచోట ఈ ఏడు ఆకు పుట్టలేదు. ఎక్కడో కింద ఉన్న తీగని పైకి లాగి, పురికొసతో కట్టి, ఆకు పడమటికి తిరిగేలా సర్దాడు. సర్దుతూ ఒకటికి రెండుసార్లు నన్ను అడిగాడు. కొంచెం ఎడమకి అని నేనే చెప్పాను. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది. అలవాటు.

ఆ రోజు మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. తిడితే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. నేను చేసిన పని ఎలాంటిదో ఆ భోజనం దగ్గర తెలిసింది. చాలా సిగ్గేసింది.

సాయంత్రానికి ఊళ్ళో పందిళ్ళన్నీ ఒంటరి ఆకులతో నిలబడ్డాయి. నూకరత్నం గారు గోడ దగ్గరికొచ్చి నన్ను చూస్తూనే మా ఆవిడతో అంది, "మీ ఆయన ఫొటో చల్లగుండ. సూర్యనారాయణమూర్తికి ఈ ఏడు ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టుకుంటాం లెండి."

రథసప్తమి నాడు తెల్లవారేసరికి మా ఆవిడ తులసికోట దగ్గర ముగ్గు వేసి, పిడకలు రాజేసి, ఇత్తడిగిన్నెలో పాలు పెట్టింది. కాయలు కూలీల కళ్ళబడకుండా గుప్పెడు దాచింది కాబోలు, వాటితో రథం చేసి పెట్టింది. పాలు తూర్పువైపు పొంగాయి. బియ్యం పోసి, బెల్లం వేసి, పరమాన్నం దించి, లేచి చేతులు కడుక్కుని తిన్నగా పందిరి దగ్గరికి నడిచింది.

"లోవా, అది ప్రామాణికమైన ఆకు" అన్నాను.

"ఆకే కదండీ" అని తెంపేసింది. పురికొస ముడి తీగకే ఉండిపోయింది.

ఆవిడ ఆ ఒక్క ఆకూ కడిగి కోట ముందు పెడుతుండగా పెరటి తలుపు చప్పుడైంది. నూకరత్నం గారు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఒక్క ఆకు. "ఒక్కదాంట్లో నేనేం పెట్టుకోను వదినా. మీ దగ్గరే కలిపి పెట్టేద్దామని" అంది. ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆవిడ వెనక మరో ఇద్దరు. ఎవరింటి ఆకు వాళ్ళు తెంపుకుని వచ్చారు. మా ఆవిడ జరిగి చోటిచ్చింది. కోట చుట్టూ ఆకులు వరసగా పరుచుకున్నాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిల్లులవి. పరమాన్నం పెడుతుంటే ఒక్కొక్క ఆకు మీంచీ ఆవిరి లేస్తోంది.

అప్పుడే వీధి గుమ్మంలోంచి సర్వోత్తమరావు గారు వచ్చారు. వెనకే అప్పలకొండ. ఈ వీధిలో పందిళ్ళన్నీ ఆకు లేకుండా ఉన్నాయని ఆయనకి కబురందింది. పెరట్లో దృశ్యం చూసి ఆయన ముఖం కందిపోయింది.

"ఇది సామూహిక ఋతు ఉల్లంఘన" అన్నారు. "ఇన్ని పాదులూ ఈ రోజే వేళ్ళతో సహా తొలగించవలసి ఉంటుంది. ముందుగా రుజువు కావలెను. వీరభద్రం గారూ, ఫోటో తీయండి."

ఆడవాళ్ళు చేతులాపి నా వైపు చూశారు. నేను కెమెరా కంటికి ఆనించాను. ఆ క్షణంలో నేను ఏ పక్షమని ఆలోచించానని మీరు అనుకుంటే అది మీ మంచితనం. నేను వెలుతురు గురించి ఆలోచించాను. ఎండ ఏటవాలుగా పడి ఆవిరిలో దారాలు దారాలుగా కనబడుతోంది. తడి జుట్లు, పసుపు చేతులు, ఆకుల మీద పరమాన్నం. అంత మంచి ఫోటో నా జన్మలో ఎదురుకాలేదు. వేలు మీట మీదే ఉంది.

"ఏవండీ" అంది మా ఆవిడ మెల్లగా. "తియ్యకండి. తీశారంటే వచ్చే ఏడు ఇలాగే ఉండాలంటారు."

నేను కెమెరా దించాను. దించుతుంటే బాధేసింది, అది కూడా చెప్పుకోవాలి. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

"తీశారా?" అన్నారు సర్వోత్తమరావు గారు.

"లేదండి. ఇక్కడ తియ్యడానికి ఏమీ లేదండి."

ఆయన అప్పలకొండ వైపు చూశారు. అప్పలకొండ తన దగ్గర ఫోనున్నా అది గుర్తింపు పొందలేదన్నాడు. ఆయన ముగ్గు కేసి, ఆకుల కేసి, గిన్నె కేసి చాలాసేపు చూశారు. ఫోటో లేనిది జరగనట్టే అని రూలు రాసింది ఆయనే. రూలుకి ఎదురు వెళ్ళే మనిషి కాదు. "అయితే ఇక్కడ ఏమీ జరగడం లేదన్నమాట" అన్నారు చివరికి.

"ఏమీ లేదండి. కూర్చోండి, ప్రసాదం తీసుకుందురు గాని" అని మా ఆవిడ పీట వాల్చింది. ఆయన కూర్చున్నారు. జరగని పరమాన్నం రెండుసార్లు వేయించుకుని, రెండోసారి నెయ్యి అడిగారు. అప్పలకొండ నిలబడే తిని, ఇంట్లో అమ్మ ఉందని ఇంకో ఆకులో కట్టించుకున్నాడు.

అందరికీ పెట్టాక మా ఆవిడ గరిటెతో నా దగ్గరికొచ్చింది. ఆకులైపోయాయి.

"చెయ్యి పట్టండి" అంది.

రెండు చేతులా కెమెరానే ఉంది. దాన్ని కోటగట్టు మీద పెట్టి, దోసిలి పట్టాను. పరమాన్నం పొయ్యి మీంచి దించినట్టే ఉంది. అరచేతులు చుర్రుమన్నాయి. మా ఆవిడ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది, నేను వదిలేస్తానేమోనని. వదల్లేదు.